అటక మీద గరుడపిల్లలు

గంగాబాయి ట్రంకుపెట్టె మీద నుంచి లేవలేదు.

నిన్న పొద్దుటి నుంచి ఆ పెట్టె గది బయట గ్యాలరీలోనే ఉంది, పెట్టె మీద ఆమె ఉంది. పక్కన చెంబు, చాప, చుట్ట చుట్టిన దుప్పటి. ఆ వరసగదుల చాల్ మూడో అంతస్తులో ఎవరు ఏ గదికి పోవాలన్నా ఆమె మోకాళ్ళను తప్పించుకునే పోవాలి. పోయేవాళ్ళు ఊరికే పోరు కదా, ఒక ప్రశ్న వేసి మరీ పోతున్నారు. అందరికీ ఆమె దగ్గర ఒకటే జవాబు.

"గూబ దూరిన ఇంట్ల నేను అడుగు పెట్ట."

"అత్తా, చాయ్ చల్లారుతున్నది." కోడలు రత్నాబాయి గడప లోపలి నుంచే కప్పు చాపింది.

"ఆ పొయ్యి మీద కాగిన చాయ్ నాకొద్దు."

"రాత్రి తిన్న రొట్టె ఏ పొయ్యి మీద కాలిందో?"

గంగాబాయి ముఖం రోడ్డు వైపు తిప్పుకుంది. రాత్రి ఆకలి మీద ఆ సంగతి తట్టలేదు. రత్నాబాయి కప్పును గడప బయట పెట్టేసి, బీడీల చాట ఒళ్ళోకి లాక్కుంది. కాసేపటికి కప్పు ఖాళీ అయింది. ఎవరూ చూడనట్టే ఉన్నారు.

గొడవంతా గదిలో అటక మీద ఉంది. తలుపు పైన వెంటిలేటర్ అద్దం పగిలి చాలా కాలమైంది. ఆ సందులోంచి వచ్చి, పెళ్ళిళ్ళకు తప్ప కిందికి దిగని పెద్ద రాగి గుండిగ వెనక ఒక పిట్ట మూడు పిల్లలను లేపింది. వాటిని మొదట చూసింది గంగాబాయి మనవరాలు, పదేళ్ళ తార. "తెల్లగ ఉన్నయి ఆజీ, ముక్కు వంకర ఉన్నది" అంటూ ఒకదాన్ని చాటలో పెట్టి దింపుకొచ్చింది. కళ్ళకు పొరలు కమ్మిన గంగాబాయి వేలితో ఆ ముక్కును తడిమి చూసి, "గరుత్మంతుడే!" అని చేతులు జోడించింది.

ఇంకేముంది! పసుపు, కుంకుమ, హారతి. మూడంతస్తుల ఆడవాళ్ళూ కొబ్బరికాయలు పట్టుకుని మెట్లెక్కారు. వారం రోజులు గంగాబాయి కాలు నేల మీద నిలవలేదు. మొన్న సాయంత్రం, పాలమూరు నుంచి కూలికి వచ్చి కింది అంతస్తులో తలదాచుకున్న యాదమ్మ కూడా దండం పెట్టుకుందామని వచ్చింది. చాటలోకి తొంగి చూసి, "ఓయమ్మో, గిది గూబ పిల్లనే!" అని కేక పెట్టి, చెప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తింది.

గంగాబాయిని అని మాత్రం ఏం లాభం? ఆమె పుట్టింది ఈ చాల్‌లోనే. ఈ నగరం కట్టడానికి రాళ్ళు మోయ వచ్చిన ఆమె తాత, నానమ్మ తమతోపాటు శకునాలను కూడా మూటగట్టుకొచ్చారు. ఏ పిట్ట కుడికి పోతే మంచిది, ఏది ఇంటి మీద వాలితే కీడు, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. పెళ్ళిచూపులకు పోయేవాళ్ళు ఆమెను అడిగే బయల్దేరతారు. పిట్టలను మాత్రం ఆమె చూడలేదు. కామాటిపురలో కాకి, పావురం, పిచ్చుక తప్ప చూడ్డానికి ఏముంటాయి?

ఎండ గ్యాలరీలోకి వచ్చేసరికి కొడుకు నారాయణ డ్యూటీ దిగి వచ్చాడు. మునిసిపాలిటీలో నీళ్ళ చావీ తిప్పే పని అతనిది. ఏ గల్లీకి నీళ్ళు ఎప్పుడు రావాలో అతని చేతిలో ఉంటుంది. ఇంట్లో మాత్రం ఏదీ అతని చేతిలో ఉండదు.

"అవ్వా, ఇంకెంత సేపు? నేను గూడు తీసి ఎక్కడనన్న పెట్టొస్త."

"ముట్టినవంటే చెయ్యి పడిపోతది! పసుపు కుంకుమ పెట్టిన జీవం రా అది. ఈ చేత్తోని హారతి ఇచ్చిన."

"మరి ఉండనీ."

"గూబనా? ఇంట్లనా?"

"తియ్యొద్దంటవ్, ఉంచొద్దంటవ్. మరేం చెయ్యమంటవ్?"

"మా నాయినమ్మ చెప్పేది. గూబ దూరితె ఇల్లు ఇడువాలె. ఆర్నెల్లు ఆ ఇంట్ల దీపం పెట్టొద్దు."

బీడీ చుడుతున్న రత్నాబాయి చేతులు ఆగిపోయాయి.

ఊళ్ళో ఇల్లు విడిచినవాళ్ళు చేలో గుడిసె వేసుకుంటారు. కామాటిపురలో గది విడిస్తే మిగిలేది ఫాక్‌లాండ్ రోడ్డే. ఆర్నెల్లు అక్కర్లేదు, పది రోజులు దీపం వెలగకపోయినా గది మాలిక్ మనిషి వచ్చి తన తాళం వేసుకుపోతాడు. ఆ సంగతి గంగాబాయికి తెలియక కాదు. తెలిసే, ఇల్లు విడిచే పని ఇంటిల్లిపాది తరఫునా తానొక్కతే చేస్తోంది.

"నువ్వొక్కదానివి బయట కూసుంటే దోషం పోతదా అవ్వా?"

"పోతదో పోదో నాకేం ఎరుక. నీ మీదికి వచ్చేది నా మీదికి రానీ. గంతే."

తల్లి మీద కోపంతో వచ్చిన నారాయణ ఆ మాటకు ఆమె కాళ్ళ దగ్గరే కూలబడ్డాడు.

అటక మీద బోర్లా పడుకుని తార ఇదంతా వింటోంది.

ఊళ్ళున్న పిల్లలు సెలవులకు ఊళ్ళకు పోయారు. పోవడానికి ఊరు లేని పిల్లలు చాల్‌లో మిగిలారు. బడి మూసే రోజున శంకర్రావు మాస్టారు, "సెలవుల్లో ఒక్క జీవినైనా దగ్గరగా చూడండి, చీమైనా సరే. బడి తెరిచాక నాకు చెప్పాలి" అన్నాడు. ఆ మాట పట్టుకుని కొందరు నాగ్‌పాడా గ్యారేజీల్లో ఈనిన పిల్లిని వెతికారు. కొందరు గోడ మీది బల్లితో సరిపెట్టుకున్నారు. తారకు మాత్రం దేవుడు అటక మీదికే పంపాడు.

అప్పటి నుంచి దీపాలు పెట్టే వేళకు గ్యాలరీ బల్బు ఆర్పేసి, పిల్లలంతా మెట్ల దగ్గర ఊపిరి బిగబట్టి కూర్చోవడం మొదలైంది. అమ్మ కొట్టినా నోరు మూయని పక్క గది రాజమల్లు కొడుకులు ఇద్దరూ అక్కడ నోరు మూసుకుంటారు. ఆకలేస్తే పిట్టపిల్లలు స్టవ్వుకు గాలి కొట్టినట్టు బుస్సు బుస్సుమంటాయనీ, మూడూ ఒక్క ఈడువి కావనీ, ముందుకు తోసుకొచ్చినదానికే తల్లి తిండి పెడుతుందనీ వాళ్ళకు తెలిసింది. అన్నిటికన్నా చిన్నది గుండిగ వెనకే ఉండిపోతుంది. తార ప్రాణమంతా దాని మీదే.

మధ్యాహ్నం రాజమల్లు కొడుకులను పంపి తార మాస్టారిని పిలిపించుకుంది. ఆయన మెట్లెక్కి వచ్చి, చెమట తుడుచుకుని, ట్రంకుపెట్టె ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గంగాబాయమ్మా, గుడ్లగూబంటే లక్ష్మీదేవి వాహనం. మీ ఇంటికి రావడం మంచిదే."

"అట్లనా సారూ?"

"అంతేనమ్మా."

"ఏ పిట్ట మీద వచ్చినా ఎప్పుడన్న ఒక్కసారి దిగాలె గద సారూ లక్ష్మి? మా తాత కాలం నుంచి ఈ ఒక్క గదిలనే ఉన్నం. ఇయ్యాల్టి దాక మెట్లెక్కలే."

మాస్టారు మీసాల్లో నవ్వుకున్నాడు. తార ఆయన చొక్కా పట్టుకుంది.

"సారూ, వీటిని బోరివిలి జంగల్‌ల ఇడిసిపెడితే?"

"తల్లి లేకుండా బతకవు తారా. పెద్దది ఎగరాలంటే ఇంకా మూడు నాలుగు వారాలు పట్టొచ్చు. చిన్నదానికి అంతకన్నా ఎక్కువే."

"మరి గూడు తీసేస్తే సచ్చిపోతయా?"

మాస్టారు గంగాబాయి వైపు చూశాడు. ఆమె రోడ్డు వైపు చూసింది. ఆయన చెప్పులు వేసుకున్నాడు.

ఆయన మెట్లు దిగుతుంటే బుచ్చన్న ఎక్కుతూ ఎదురయ్యాడు. బుచ్చన్న తగవులు తీర్చే చాల్ పంచ్‌కు పెద్ద. ఆయన గదిలో టీవీ ఉండటం వల్ల ఆ పెద్దరికం ఈ మధ్య ఇంకొంచెం పెరిగింది.

"వదినె, రెండో అంతస్తుల దుర్గయ్య కాలు విరిగింది."

"తాగి పడ్డడు," అంది రత్నాబాయి లోపలి నుంచి.

"గూబ రాకముందు సుత తాగిండు. పడలే."

రత్నాబాయి మళ్ళీ బీడీల చాట మీదికి వంగింది.

"దీపాలు పెట్టే యాల్లకు పంచ్ వస్తది. గూడన్న పోవాలె, మీరన్న పోవాలె. ఇది నా ఒక్కని మాట కాదు, మూడంతస్తుల మాట." పోతూ పోతూ బుచ్చన్న నారాయణ భుజం తట్టాడు. "నేను చెప్పంగనే చేస్తివనుకో, పంచ్ దాక పోనవసరం లేదు."

నారాయణ చాలాసేపు వెంటిలేటర్ వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి, ఒక గోనెసంచి, నాలుగు మేకులు, సుత్తి తెచ్చి, స్టూలెక్కాడు. గ్యాలరీ వైపు నుంచి వెంటిలేటర్‌కు గోనె కట్టడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నవ్?" అంది రత్నాబాయి.

"బంద్ చేస్తున్న. గూబ లోపలికి రాదు, ఇగ దోషం లేదు. పిల్లలను ఎవ్వరం ముట్టలే, పాపం లేదు. పంచ్‌కు గిదే చెప్త. ఎట్లుంది?"

రోజూ చావీ తిప్పే మనిషికి అంతకన్నా మంచి ఉపాయం ఎక్కడ తడుతుంది? మెచ్చుకుంటారేమోనని అతను తల తిప్పి చూశాడు. కింద తార నిలబడి ఉంది.

"బాపూ, మరి వాటికి బువ్వ?"

సుత్తి ఆగింది. మళ్ళీ మొదలైంది.

"చిన్నదానికి నిన్న సుత ఏం దొరకలే బాపూ."

"నోరు మూసుకో తారా."

తార ఏడవలేదు. వచ్చి ట్రంకుపెట్టె అంచున నానమ్మ పక్కన కూర్చుంది. గంగాబాయి కొంచెం జరిగి చోటిచ్చింది. రత్నాబాయి అన్నానికి పిలిచింది. మళ్ళీ పిలిచింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

"ఆజీ, నువ్వు చెప్తే బాపు వింటడు."

"నేనేం చెప్పాలె బిడ్డా? శాస్త్రం నా చేతులున్నదా?"

"గరుడ అని నువ్వే చెప్పినవ్ గద. అప్పుడు అందరు విన్నరు."

గంగాబాయి చెంగుతో ముఖం తుడుచుకుంది. మనవరాలి మాట గుచ్చుకుంది, నిజం కాబట్టి ఇంకా గుచ్చుకుంది.

పొద్దు వాలింది. ఫాక్‌లాండ్ రోడ్డు మీద దీపాలు వెలిగాయి. వెంటిలేటర్ మూసి ఉందని తెలిసినా పిల్లలు అలవాటు కొద్దీ వచ్చి, బల్బు ఆర్పి, మెట్ల దగ్గర సర్దుకున్నారు.

అది చప్పుడు లేకుండా వచ్చింది. వచ్చి గ్యాలరీ కటకటాల మీద, ట్రంకుపెట్టెకు బారెడు దూరంలో వాలింది. గంగాబాయి పొర కమ్మిన కళ్ళకు కూడా అది కనిపించింది, అంత తెల్లగా ఉంది. నోట్లో ఎలుక వేలాడుతోంది.

కీడు తెచ్చే పిట్టను ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడటం ఇదే మొదలు.

అది లేచి వెంటిలేటర్ వైపు పోయింది. గోనెకు ధప్పున తగిలింది. మళ్ళీ కటకటాల మీదికి వచ్చింది. ఎలుకను వదల్లేదు. మళ్ళీ పోయింది, మళ్ళీ తగిలింది. తల్లి వచ్చిందని లోపలివాటికి తెలిసిపోయి బుస్సు బుస్సుమని ఒకటే గోల.

గంగాబాయి చెయ్యి తనకు తెలియకుండానే రొమ్ము మీదికి పోయింది.

"తారా," అంది మెల్లగా. "మీ బాపు చంటోడు అప్పుడు నేను వర్లీల బిల్డింగ్ పనికి పోయేదాన్ని. ఓ దినం వాన కొట్టి బండ్లన్ని బంద్. నీళ్ళల్ల నడుసుకుంట వస్తున్న. తొవ్వంత పాలు కారుతనే ఉన్నయి. రయికె వానకు తడిసిందో పాలకు తడిసిందో తెల్వది. వచ్చి చూస్తె మా అత్త తలుపు గడియ పెట్టుకొని పండుకున్నది. ఆమెకు చెవుడు. లోపల వీని ఏడ్పు నాకు వినొస్తున్నది, నేను తలుపు కొట్టుడు ఆమెకు వినొస్తలేదు."

"మరేం చేసినవ్?"

"ఏం చేస్త? కొట్టుకుంటనే ఉన్న."

పక్షి మూడోసారి గోనెకు తగిలింది.

గంగాబాయి లేచింది. లేచి, గడప దాటి లోపలికి పోయింది. కుడికాలు ముందు పెట్టిందో ఎడమకాలు పెట్టిందో చూసుకోలేదు. ఆమె జన్మలో అలా చూసుకోకుండా గడప దాటడం అదొక్కసారే అయి ఉంటుంది.

"నారాయణా, గోనె తియ్యి."

"అవ్వా, పంచ్ వస్తున్నది..."

"నిన్ను కన్నది పంచ్ కాదు, నేను. తియ్యి!"

నారాయణ అటక ఎక్కి లోపలి నుంచే గోనెను పట్టి చర్రున చింపాడు. ఆ చప్పుడుకు పక్షి లేచి ఎదుటి చాల్ కప్పు మీదికి పోయింది. అప్పుడే మెట్ల మీద నలుగురైదుగురు మగవాళ్ళ అడుగులు వినిపించాయి.

"రత్నా, తారా, నా పెట్టె లోపలికి జరుపున్రి."

పెట్టె గడపకు అడ్డంగా లోపలి వైపు వచ్చింది. గంగాబాయి మళ్ళీ దాని మీద కూర్చుంది. ఇప్పుడు ముఖం గ్యాలరీ వైపు ఉంది.

"ఆడనే ఆగు బుచ్చన్నా. ఇంట్ల బాలింత ఉన్నది."

బుచ్చన్న కాలు గాల్లో ఆగిపోయింది. పురుడు వెళ్ళని ఇంటి గడపను పరాయి మగవాళ్ళు దాటరు. ఎవరి చేతా చెప్పించుకోవలసిన సంగతి కాదది. ఆయన అయోమయంగా రత్నాబాయి వైపు చూశాడు. రత్నాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బాలింతా? ఎవరు వదినె?"

"అటక మీద."

"గూబకు పురుడా!" వెనక ఎవరో నవ్వారు.

"నవ్వకున్రి. మూడు పిల్లలు. పసుపు రాసిన, కుంకుమ పెట్టిన, హారతి ఇచ్చిన. తప్పో ఒప్పో నేనే చేసిన. చేసినంక అది ఈ ఇంటి బాలింతనే. ముందుగాల కొబ్బరికాయ పట్టుకొచ్చింది నీ పెండ్లామే బుచ్చన్నా, యాదిలేదా?"

నవ్వు ఆగింది. బుచ్చన్న గొంతు సవరించుకున్నాడు.

"నువ్వే గద గూబ ఇంట్ల అడుగు పెట్టనన్నది?"

"అన్న. గూబ దూరితె ఇల్లు ఇడువుమని మా నాయినమ్మ చెప్పింది. బాలింతను ఎల్లగొట్టొద్దని సుత ఆమెనే చెప్పింది. రెండిట్ల ఏది పెద్దదో నువ్వే చెప్పు. బాలింత ఇల్లు ఖాళీ చేయించిన పంచ్ ఈ చాల్‌ల ఎన్నడన్న ఉన్నదా?"

బుచ్చన్న వెనక్కి తిరిగి మిగతావాళ్ళ ముఖాలు చూశాడు. ఇలాంటి ప్రశ్నలకు జవాబు అడగడానికి వాళ్ళు ఎప్పుడూ వచ్చేది గంగాబాయి దగ్గరికే.

"లేదు," అన్నాడు చివరకు. "సరే వదినె. ఇయ్యాల్టి నుంచి బాలింత లెక్క, ఇరవై ఒకటో దినం దాక. ఆ దినం పొద్దుగాల నేనే నిచ్చెన పట్టుకొని వస్త. అప్పటికి ఎగిరినయా, సంతోషం. ఎగురలేదా, ఇగ నువ్వేం చెప్పిన నేను ఇన. సమజైందా?"

"సమజైంది. ఇప్పుడు జర ఆడికెళ్ళి జరగున్రి. మీరు నిలబడితే తల్లి లోపలికి రాదు."

పంచ్ పోయి మెట్ల దగ్గర, చీకట్లో, పిల్లల మధ్య నిలబడింది. బుచ్చన్న ఏదో అనబోయాడు.

"ష్! మాట్లాడొద్దు కాకా," అన్నాడు రాజమల్లు చిన్న కొడుకు.

బుచ్చన్న నోరు మూసుకున్నాడు. ఆయన తల మీదుగానే అది పోయింది, తెల్లగా, రెక్కల చప్పుడైనా లేకుండా. వెంటిలేటర్ అంచున ఒక్క క్షణం వాలి, లోపలికి వంగి మాయమైంది. పెద్దాయన నోటి నుంచి "అబ్బా" అన్న మాట చిన్నపిల్లాడి గొంతుతో వచ్చింది.

గదిలో దీపం వెలిగించలేదు. నలుగురూ తలలెత్తి వింటున్నారు. అటక మీద తోపులాట, బుసలు. కాసేపటికి తల్లి వచ్చిన దారినే ఎగిరిపోయింది.

"రెండు గొంతులే," అంది గంగాబాయి. కళ్ళు మసకబారినా చెవులు ఆమెకు బాగా పనిచేస్తాయి. "మూడోది ఏది తారా?"

తార అటక నిచ్చెన దగ్గరే బిగుసుకుపోయి నిలబడింది. "నేను చూడ. నాకు భయమైతున్నది ఆజీ."

"నిచ్చెన పట్టుకో."

"అవ్వా, నువ్వెక్కుడేంది! నేను చూస్త ఉండు," అన్నాడు నారాయణ.

"నువ్వు గోనెలు కట్టు పో."

గంగాబాయి కొంగు దోపుకుంది. ఒక్కో మెట్టుకూ ఆగి, ఒక్కో మెట్టుకూ దేవుణ్ణి తలుచుకుని ఎక్కింది. తల అటకకు తగిలాక, గుండిగ పక్క నుంచి చెయ్యి చాపింది. ఈకలు తగిలాయి. దుమ్ము తగిలింది. మెత్తగా ఏదో తగిలింది, కదల్లేదు. గంగాబాయి ఊపిరి కూడా కదల్లేదు.

ఉన్నట్టుండి వంకర ముక్కొకటి ఆమె వేలిని కరిచి పట్టుకుంది.

"అబ్బబ్బ! కరిచింది ముండ! ఉన్నది బిడ్డా, ఉన్నది, ఆకలి మీదున్నది!" గంగాబాయికి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. వేలిని వెనక్కి తీసుకోలేదు. "గరుడ కాదు, ఏం కాదు. ఇది గూబనే."

రత్నాబాయి కింద నుంచి ఆమె కాళ్ళు గట్టిగా పట్టుకుంది. తార నిచ్చెన మెట్ల సందులోంచి ముఖం పైకెత్తింది.

"ఆజీ, ఇరవై ఒక్క దినాలల్ల చిన్నది ఎగురుతదా?"

ఇన్నేళ్ళలో పిట్టల గురించి ఎవరేం అడిగినా గంగాబాయి ఆలోచించకుండా జవాబు చెప్పింది. ఇప్పుడు చిన్నదాని ముక్కున వేలు అలాగే ఉంచి ఆలోచించింది.

"నాకు తెల్వది బిడ్డా," అంది. "దినాం నువ్వే చూసి నాకు చెప్పాలె."